ఇరవై ఒక్క రోజుల చప్పిడి

మా ముత్తాత వెంకట నర్సింహారావు దేశ్‌ముఖ్. ఆర్మూర్ చుట్టూ పన్నెండు ఊళ్ళ శిస్తు ఆయన చేతుల మీదుగా సర్కారుకు పోయేది. ఆయన కొడుకు, మా తాత, రాజేశ్వర్ రావు. ఏటా పసుపు తవ్వాక మొదటి కడాయి మా గడి వెనక పొయ్యి మీద ఉడకాలి. ఆ తర్వాతే మిగతా ఊళ్ళలో పొయ్యిలు వెలిగేవి. తాత ఎవరి ముందూ లేచి నిలబడలేదు. మా నాన్న నిలబడ్డాడు. మొదట కోర్టులో, తర్వాత భూ సీలింగ్ ఆఫీసులో. ఆయన పోయేనాటికి గడి, వెనక పొయ్యిలు, కాలువ కింద నాలుగెకరాలు మిగిలాయి. డెబ్బై నాలుగులో నేను సికింద్రాబాద్ పోయి సైన్యంలో చేరాను. ఛాతీ కొలిచే లైనులో నా ముందు పన్నెండు మంది ఉన్నారు. మా వంశంలో లైనులో నిలబడిన మొదటి మనిషిని నేను. నిటారుగానే నిలబడ్డాను.

పదిహేనేళ్ళకు పైగా చేశాను. యుద్ధం చూశావా అని ఊళ్ళో అడుగుతారు. చూడలేదు. నేను చూసింది ఇది.

ఎనభై ఎనిమిది ఆగస్టులో మమ్మల్ని ఈశాన్యానికి పంపారు. బర్మా సరిహద్దుకు దగ్గరి కొండ. ఎత్తు ఐదు వేల రెండు వందల అడుగులు. రోడ్డు ఆగిపోయిన చోటు నుంచి పదకొండు గంటల నడక. పొద్దున ఐదింటికి బయలుదేరి సాయంత్రం నాలుగింటికి పైకి చేరాం. దారి పొడవునా వాన. పైన మూడు బంకర్లు, ఒక వంటగుడిసె, కొండ నెత్తి చెక్కి చదును చేసిన హెలిప్యాడ్. ఇరవై రెండు మందిమి. పోస్టు కమాండర్ సుబేదార్ సాబ్, కేరళ మనిషి, తక్కువ మాట్లాడేవాడు. ఆయన తర్వాత నేను. హవల్దార్‌ని. స్టోర్ తాళం నా దగ్గర ఉండేది.

మనిషికి ఒక రైఫిల్, వంద రౌండ్లు, ఒక పోంచో, రెండు జతల బూట్లు, ఒక ఉప్పు మూట. ఉప్పు మూట గురించి చెప్పాలి. నీళ్ళ ఊట పోస్టుకు ఏడు వందల మీటర్లు కింద ఉంది. ఆ దారి నిండా జలగలు. బూటు లేసుల సందుల్లోంచి దూరేవి. గుప్పెడు ఉప్పు గుడ్డలో కట్టి, కర్ర చివర బిగించి, తడిపి జలగ మీద అద్దితే రాలిపోతుంది. ప్రతి సోమవారం పొద్దున ఎనిమిదింటికి ఆ ఉప్పు నేనే ఇచ్చేవాణ్ణి. వంట ఉప్పు వేరు, జలగల ఉప్పు వేరు.

మొదటి సాయంత్రం సామాను దించుతుంటే రేడియో బంకర్లోంచి మాట వినిపించింది.

"శనార్థి దొరా."

సైన్యంలో పద్నాలుగేళ్ళలో నన్ను అట్లా ఎవరూ పిలవలేదు. తిరిగి చూశాను. రేడియో ఆపరేటర్. లాన్స్ నాయక్. ఇరవై ఆరేళ్ళ మనిషి, పచ్చని ఛాయ, పల్చటి మీసం. మాకంటే నెల ముందే వచ్చాడు.

"ఏ ఊరు?"

"పెర్కిట్. మా నాయిన మీ గడి ఎనక పసుపు ఉడకబెట్టేటోడు. నేను పోశెట్టిని."

పెర్కిట్ ఆర్మూర్‌కు ఆనుకునే ఉంటుంది. అతని తండ్రి నాకు గుర్తున్నాడు. చేతులు మోచేతుల దాకా పసుప్పచ్చగా ఉండేవి. పిల్లలు నిలవకపోతే పోచమ్మకు మొక్కుకున్నారు. తర్వాత పుట్టిన కొడుక్కి ఆ తల్లి పేరే పెట్టుకున్నారు. తండ్రి పోయాడు. తల్లి గంగమ్మ ఒక్కతే.

"ఇక్కడ దొర ఎవరూ లేరు," అన్నాను. "ఉస్తాద్ అను."

"గట్లనే, ఉస్తాద్ దొరా."

పక్కనున్నవాళ్ళకు తెలుగు రాకపోయినా నవ్వారు. నేను నవ్వలేదు. కానీ ఆ పిలుపు నాకు చెడ్డగా అనిపించలేదని ఇప్పుడు ఒప్పుకుంటాను.

సెప్టెంబరు రెండోవారంలో రేషన్ మోసుకొచ్చిన కూలీల్లో ఒకడికి జ్వరం. రెండు వారాల తర్వాత మాలో ముగ్గురికి ఒంటి మీద పొక్కులు లేచాయి. ఇద్దరికి పది రోజుల్లో మానిపోయాయి. మూడోవాడు ఆపరేటర్.

"ఉస్తాద్, తల్లి వచ్చింది," అన్నాడు.

మా నర్సింగ్ అసిస్టెంట్ బీహార్ మనిషి. "చికెన్‌పాక్స్. పెద్దవాళ్ళకు వస్తే గట్టిగా వస్తుంది," అన్నాడు. అతని పెట్టెలో జ్వరం బిళ్ళలు, గ్లూకోజ్, కట్టు గుడ్డలు ఉన్నాయి. మూడో రోజుకు జ్వరం నూట నాలుగున్నర. పొక్కుల్లో నీరు పోయి నెత్తురు చేరింది. ఊపిరి పైపైన తీస్తున్నాడు. తాగిన నీళ్ళు కక్కుతున్నాడు. నడుముకు పైన, రెండు పక్కలా, పక్కటెముకల కింద పోటు అని గుడ్డ కొరికేవాడు. నర్సింగ్ అసిస్టెంట్ అక్కడ చెయ్యి పెట్టి చూశాడు. ఏమీ దొరకలేదు.

ఆపరేటర్ పడిపోయాడు కాబట్టి సెట్ ముందు నేను కూర్చున్నాను. హెలికాప్టర్ కావాలి. రెండు గంటలకొకసారి అడిగాను.

"పేషెంట్ సీరియస్. హెలికాప్టర్ పంపండి. ఓవర్."

"మీ మీద మబ్బు ఎట్లా ఉంది? ఓవర్."

"హెలిప్యాడ్ చివర కనబడటం లేదు. ఓవర్."

"రోజర్. ఇంతజార్ కరో, ఆగండి. ఔట్."

మోసుకుని దించుదామంటే దారిలో వాగు పొంగింది. సుబేదార్ సాబ్ నలుగురిని పంపి చూశాడు. మధ్యాహ్నానికి తిరిగొచ్చారు. నడుముల దాకా బురద.

నాలుగు రోజులు అదే మాట. హెలిప్యాడ్ చివర కనబడటం లేదు. ఇంతజార్ కరో. అందులో మూడో రోజు అతను కళ్ళు తెరిచి, సెట్ ముందున్న నన్ను చూశాడు.

"ఉస్తాద్, మా అవ్వకు చెప్పకు."

"చెప్పను."

"చెప్తే నేను ఇంటికి పోయేదాంక ముద్ద ముట్టది." సెట్ వైపు చూసి, "నువ్వు నా సెట్టు మీద గంత గట్టిగ ఒర్రకు. బ్యాటరీ గుంజుతది," అన్నాడు.

ఐదో రోజు పదకొండు గంటల ఇరవై నిమిషాలకు మబ్బు చిరిగింది. హెలికాప్టర్ దిగి, మూడు నిమిషాలు ఆగి, అతన్ని ఎత్తుకుపోయింది. బతకడనుకున్నాం. అతని రగ్గులు కాల్చేశాం.

బతికాడు. ఐదు వారాల తర్వాత, నవంబరు మొదట్లో, రేషన్ పార్టీ వెంట నడిచి వచ్చాడు. పదకొండు గంటల దారి అతనికి పదహారు గంటలు పట్టింది. చేతిలో కాగితం. పూర్తిగా కోలుకున్నాడు, తేలికపాటి డ్యూటీ ఇవ్వవచ్చు. పొక్కులు మానాయి. ఊపిరితిత్తులు బాగున్నాయి. తొమ్మిది కిలోలు తగ్గాడు. పెద్ద జబ్బు తర్వాత ఎవరైనా తగ్గుతారు.

రంగు మారింది. పొక్కు మచ్చలు నల్లబడటం మామూలే. ఇతనికి మచ్చ లేని చోటు కూడా నల్లబడింది. వేళ్ళ కణుపులు, మోచేతులు, అరచేతి గీతలు. వారం వారం ముదిరింది. వంటవాడు పళ్ళెం ఇస్తూ, "అందరూ గస్తీకి మొహానికి రంగు పూసుకుంటారు, వీడికి ఖర్చు లేదు," అన్నాడు. ఆపరేటర్ నవ్వాడు. నవ్వితే చిగుళ్ళు కూడా నల్లగా కనిపించాయి. తంబాకు మొదలుపెట్టాడనుకుని తిట్టాను.

"నా నోరు వాసన చూడు ఉస్తాద్, తంబాకుంటే కొట్టు," అన్నాడు.

కూర్చున్నవాడు లేస్తే గోడ పట్టుకునేవాడు. రెండు ముద్దలు తిని పక్కన పెట్టేవాడు. నవంబరు చివర్లో కూడా నీళ్ళ దారిలో జలగలు తగ్గలేదు. జలగల ఉప్పు మాత్రం, పగలు తెరిచి ఉండే స్టోరు డబ్బాలో తగ్గుతోంది. నేను కొలిచి ఇచ్చిన దానికి రెండింతలు పోతోంది. ఒక మధ్యాహ్నం రెండు గంటలకు రేడియో బంకర్లోకి వెళ్ళాను. చెవులకు హెడ్‌ఫోను. ఎడమ చేతిలో విప్పిన ఉప్పు మూట. కుడి చేతి వేలు తడిపి, అద్దుకుని, నాకుతున్నాడు. పిల్లలు బెల్లం నాకినట్టు, కళ్ళు మూసుకుని.

"ఏం తింటున్నవ్?"

"ఉప్పు, ఉస్తాద్."

"అది జలగలకు."

"జలగలకు నా నెత్తురు ఉండనే ఉన్నది గదా. మళ్ళ ఉప్పు గూడ వాటికేనా?"

"లేచి నిలబడు."

"లేస్త. జర ఆగు. లేస్తే కండ్లు తిరుగుతున్నయ్. ఉస్తాద్, నాకే తెల్వది. పొద్దున లేస్తే ఉప్పు మీదనే మనసు పోతది. మామిడికాయ తొక్కు గాదు, మిరపకాయ గాదు. ఒట్టి ఉప్పు."

స్టోరు సరుకు దొంగిలించడం నేరం. తాళం నాది. అందులోనూ మా ఊరివాడు. చూసీ చూడనట్టు వదిలితే రావు తనవాణ్ణి వెనకేసుకొచ్చాడని అంటారు. శిక్ష వేశాను. పిట్టూ. వీపు మీద పూర్తి బరువు కట్టుకుని హెలిప్యాడ్ చుట్టూ గంట సేపు పరుగు. ఇరవయ్యో నిమిషంలో పడిపోయాడు. పెదవులు తెల్లగా ఉన్నాయి. సుబేదార్ సాబ్ వచ్చి చూసి, "రావు, మనిషిని చూసి శిక్ష వెయ్యాలి," అన్నాడు. ఆ రోజు నుంచి ఉప్పు డబ్బాకు వేరే తాళం వేశాను.

డిసెంబరులో సెట్ ముందు రెండుసార్లు సొమ్మసిల్లాడు. జనవరిలో కింద క్యాంపు డాక్టర్ దగ్గరికి పంపాం. బలహీనత అన్నారు. ఆరు వారాల సిక్ లీవ్ ఇచ్చారు. నాకు అరవై రోజుల సెలవు బాకీ ఉంది. ఒకే ఊరివైపు. ఆర్డరు వచ్చింది. హవల్దార్ ఎస్కార్ట్‌గా పోవాలి, మనిషిని ఇంటి దగ్గర అప్పగించాలి, సంతకం తీసుకోవాలి.

రైలు ప్రయాణం ఐదు రోజులు. మూడు రైళ్ళు మారాం. ఆ ఐదు రోజులూ అతను బాగున్నాడు. ప్రతి స్టేషన్లో దిగి ఉప్పు సెనగలు, ఉప్పు వేసిన మజ్జిగ, జామకాయ మీద ఉప్పుకారం. దారిలో నా తాళం లేదు కదా. విజయవాడ దాటాక కిటికీ పక్కన కూర్చుని కూనిరాగం కూడా తీశాడు. ఇంటికి పోతున్న హుషారు అనుకున్నాను.

ఫిబ్రవరి మూడున మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు పెర్కిట్‌లో బస్సు దిగాం. పసుపు కాలం. రోడ్డుకు రెండు వైపులా ఉడికిన పసుపు ఆరబోసి ఉంది. గాలంతా ఆ పచ్చి ఘాటు. గంగమ్మ పసుపు నెరుపుతోంది. కొడుకును చూసి గుర్తుపట్టలేదు. నన్ను గుర్తుపట్టింది.

"శనార్థి దొరా. మా పోశడు రాలేదా?"

"అవ్వా, నేనే," అన్నాడు అతను.

ఆమె దగ్గరికొచ్చి అతని చెయ్యి తిప్పి చూసింది. అరచేతి గీతల్లో వేలు పెట్టి రుద్దింది. మసి అనుకుంది. పోలేదు.

"గిదేంది బిడ్డా? గింత నల్లగైనవేంది?"

నేను చెప్పాను. ఎప్పుడు వచ్చింది, ఎన్ని రోజులు, హెలికాప్టర్. ఆమె నేల మీద కూలబడింది.

"తల్లి పోసి నాలుగు నెలలాయె, నాకు మాట రాకపాయె. మరి పథ్యం జేసిన్రా దొరా?"

"సైన్యంలో పథ్యాలుండవు."

"ఉప్పు తిన్నడా?"

నేను అతని వైపు చూశాను. అతను నేల చూశాడు.

"తిన్నాడు," అన్నాను.

"యాపాకు నీళ్ళు పోసిన్రా? తల్లిని సాగదోలిన్రా?"

"లేదు."

"అయితే తల్లి ఇంకా ఒంట్లనే ఉన్నది. కోపంల ఉన్నది. సూడు, ఎట్ల మాడగొడ్తున్నదో." ఆమె లేచి చేతులు జోడించింది. "దొరా, ఇంకేం జెయ్యాలె? నువ్వే చెప్పు. మీ ఇంటి మాట గదా."

మా ఇంటి మాట ఏమిటో చెప్పాలి. మా పన్నెండు ఊళ్ళలో ఎవరికి తల్లి పోసినా పథ్యం ఎన్నాళ్ళో గడి నుంచి చెప్పేవారు. అన్నాళ్ళూ ఇంట్లో ఉప్పు ఉండదు. చప్పిడి జావ, చప్పిడి గట్క. గడువు తీరాక మా ఇంటి నుంచి దోసెడు ఉప్పు వెళ్తుంది. ఆ ఉప్పు కూట్లో పడితే తల్లి వెళ్ళిపోయినట్టు. ఎవరు పెట్టారో ఆ ఆచారం, తెలియదు. మా తాత గుమ్మంలో నిలబడి చెప్పడం నేను చూశాను. మా నాన్న కాలానికి టీకాలు వచ్చాయి, అడిగేవాళ్ళు తగ్గారు. నన్ను ఎవరూ అడగలేదు. శిస్తు పోయింది, భూములు పోయాయి, పొయ్యిలు చల్లారాయి. ఆ మాట ఒక్కటి మిగిలి ఉందని ఆ మధ్యాహ్నం దాకా నాకే తెలియదు.

ఇంటర్మీడియట్ చదివినవాణ్ణి. హెలికాప్టర్లు ఎక్కినవాణ్ణి. నమ్మానో లేదో ఇప్పుడు చెప్పలేను. చుట్టూ పది మంది చేరారు. పసుపు చేతులతో నిలబడి నా మాట కోసం చూస్తున్నారు. నేను యూనిఫారంలో ఉన్నాను.

"ఇరవై ఒక్క రోజులు," అన్నాను. "చుక్క ఉప్పు తగలొద్దు."

"ఉస్తాద్," అన్నాడు ఆపరేటర్.

"ఓర్చుకో."

గంగమ్మ వెంటనే లోపలికి పోయి, ఉప్పు కుండ, తొక్కు జాడీ తెచ్చి పక్కింట్లో పెట్టింది. సంతకానికి బదులు నా కాగితం మీద వేలిముద్ర వేసింది.

మర్నాటి నుంచి లెక్క. రోజూ పొద్దున ఏడింటికి, సాయంత్రం ఐదింటికి వెళ్ళి చూశాను. డ్యూటీ లాగే చేశాను. గంగమ్మ అతని ఒంటికి పసుపు, వేపాకు నూరి పట్టించేది. నల్లటి చర్మం మీద పసుపు ఆరి పొడిపొడిగా రాలేది. మొదటి రెండు రోజులు జావ తాగాడు. మూడో రోజు తాగి కక్కాడు. నాలుగో రోజు వాకిట్లోకి రాలేకపోయాడు. ఐదో రోజు మంచం మీద లేచి కూర్చోలేదు.

ఆరో రోజు సాయంత్రం గంగమ్మ నీళ్ళకు పోయింది. అతను నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

"ఉస్తాద్, పోస్టు మీద నీ ఉప్పు దొంగతనం జేసిన. ఇప్పుడు అడుగుతున్న. చిటికెడు. నాలుక మీద పెట్టు సాలు."

"ఇంకా పదిహేను రోజులు."

"అవ్వకు జెప్ప. తల్లి మీద ఒట్టు."

"నీకోసమే కదా ఇదంతా."

"తెలుసు," అన్నాడు. "నీకు గూడ తెలుసా అని అడుగుతున్న."

అతను గోడ వైపు తిరిగాడు. ఆ గోడకు సున్నం వేసి ఉంది. మర్నాడు చూస్తే మంచం ఎత్తున సున్నం తడిగా ఉంది. గోడ నాకాడు.

వాళ్ళ పక్కింటాయన దుబాయ్‌లో పదేళ్ళు డ్రైవరు. తిరిగొచ్చి జీపు కొన్నాడు. ఎనిమిదో రోజు నన్ను రోడ్డు మీద, పసుపు ఆరబోసేవాళ్ళ ముందే ఆపాడు.

"దొరా, గాయిన కథ మంచిగ లేదు. నిజామాబాద్ దవాఖానకు తోలుకపోదాం. నా బండున్నది. పైసల ఫికర్ లేదు."

"పథ్యం నడుమ ఉంది. గడప దాటొద్దు."

"ఎవలు జెప్పిన్రు దాటొద్దని?"

"నేను చెప్పాను."

అతను నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. "దుబాయ్‌ల గూడ షేకులు గిట్లనే ఉంటరు దొరా. గని జెరం వస్తె ముందు డాక్టర్ తాన్కే ఉరుకుతరు," అన్నాడు. బండి ఎక్కి పోయాడు. అంతమంది వినేలా ఒకడు నాతో అట్లా మాట్లాడటం అదే మొదలు. ఆ రోజు సాయంత్రం నేను గంగమ్మ ఇంటికి వెళ్ళలేదు. అదొక్క పూట తప్పాను.

తొమ్మిదో రోజు పొద్దున ఏడింటికి వెళ్ళేసరికి ఒళ్ళు చల్లగా ఉంది. పిలిస్తే కళ్ళు తెరుస్తున్నాడు, మాట లేదు. నాడి దొరకలేదు. నేనే పరుగెత్తి జీపు తలుపు కొట్టాను. దుబాయ్ ఆయన తాళాలు అందుకున్నాడు. తలగుడ్డ చుట్టుకుంటూ వచ్చాడు. ఇరవై ఆరు కిలోమీటర్లు. మొక్కజొన్న బండ్లు అడ్డం వచ్చాయి. యాభై నిమిషాలు పట్టింది. వెనక సీట్లో గంగమ్మ కొడుకు తల ఒళ్ళో పెట్టుకుని పోచమ్మ పేరు తలుస్తూ కూర్చుంది. కొడుకు పేరూ అదే కాబట్టి ఎవరిని పిలుస్తోందో తెలియలేదు.

చిన్న దవాఖాన. డాక్టర్ కుర్రవాడు, ఆ జిల్లావాడే. బీపీ పట్టీ రెండుసార్లు కట్టాడు. పైది అరవై. చిగుళ్ళు చూశాడు. అరచేయి తెరిచి గీతలు చూశాడు. నా వైపు తిరిగాడు.

"పెద్ద జెరం ఏమన్న వచ్చిందా, ఈ మధ్యన?"

చెప్పాను.

"అప్పుడు నడుం మీద, రెండు పక్కల నొప్పి అన్నడా?"

"అన్నాడు."

"ఉప్పు మస్తు తింటుండెనా?"

నేను తలుపు వైపు చూశాను. గంగమ్మ బయట వరండాలో ఉంది.

"తినేవాడు," అన్నాను. "తొమ్మిది రోజుల నుంచి లేదు."

డాక్టర్ చేతులు ఆగలేదు. సెలైన్ పెట్టాడు. ఇంజెక్షన్ ఇచ్చాడు. రెండో సీసా పెట్టాడు. పని చేస్తూనే చెప్పాడు. కిడ్నీల మీద టోపీలు పెట్టినట్టు రెండు చిన్న గ్రంథులుంటాయట. అడ్రినల్ అంటారట.

"ఒంట్లె ఉప్పు నిలవాలన్నా, బీపీ నిలవాలన్నా వాటి రసం కావాలె. వైరస్ మరీ గట్టిగ పట్టినప్పుడు ఒక్కోసారి వాటి మీద గూడ పడ్తది. వాటిల నెత్తురు కారి పాడైతయ్. మచ్చలు మానుతయ్, మనిషి లేస్తడు. అవి లేవయ్. గిది అరుదు. గిట్లనే అయిందని నా అనుమానం. పరీక్ష జేసే టైమ్ లేదు."

"నలుపు?"

"గ్రంథి పని జేస్తలేదని పైన మెదడు కాడికెళ్ళి హుకుం మీద హుకుం వస్తనే ఉంటది. పని జెయ్యి, పని జెయ్యి అని. ఆ హుకుమే తోలును నల్లగ జేస్తది."



"ఇన్నాళ్ళు ఎట్ల బతికిండు?" అని అడిగాను. మా ఊరి మాటే వచ్చింది నోటికి.

"కొంత రసం మిగిలి ఉంటది. మిగతాది ఆ ఉప్పే. తనకు తనే వైద్యం జేసుకున్నడు," అన్నాడు డాక్టర్. నన్ను తప్పుపట్టే మాట కాదు అది. అతనికి ఏమీ తెలియదు.

పదకొండింటికి బీపీ డెబ్బై. ఒకసారి కళ్ళు తెరిచాడు. సీసా వైపు చూశాడు. అందులో ఉన్నది ఉప్పునీళ్ళని నేను చెప్పాను. విన్నాడో లేదో తెలియదు. పన్నెండున్నరకు మళ్ళీ అరవై. డాక్టర్ ఇంకో ఇంజెక్షన్ ఇచ్చాడు. చెయ్యగలిగింది ఏమైనా ఉందా అని అడిగాను. పక్కన నిలబడండి అన్నాడు. నిలబడ్డాను. రెండు గంటల యాభై నిమిషాలకు పోశెట్టి పోయాడు.

పెర్కిట్‌లోనే దహనం చేశాం. యూనిట్‌కు తంతి ఇచ్చాను. కారణం అన్న చోట జ్వరం తర్వాతి జబ్బు అని రాశాను.

మూడో రోజు పిట్టకు పెట్టాలి. పోయినవాడికి ఇష్టమైనవన్నీ వండి, ఆకులో పెట్టి ఆరుబయట ఉంచుతారు. కాకి ముట్టాలి. పొద్దున తొమ్మిదింటికి వెళ్ళాను. గంగమ్మ వాకిట్లో మూడు రాళ్ళ పొయ్యి పెట్టి వండుతోంది. కోడికూర, పప్పు, అన్నం. పక్కింటి నుంచి ఉప్పు కుండ తెప్పించుకుంది. నేను వాకిట్లో అడుగు పెట్టేసరికి కూర ఉడుకుతోంది.

డాక్టర్ చెప్పింది చెప్పాలనే వెళ్ళాను. దారిలో మాటలు వరసగా పెట్టుకున్నాను. పోస్టు మీద వేసిన శిక్ష, తాళం, ఇరవై ఒక్క రోజులు. ఆమె నన్ను చూసి లేవబోయింది. కూర్చో అన్నాను. కూర్చుని కుండలో చెయ్యి పెట్టి ఉప్పు తీసింది.

"దొరా," అంది. "దినాలు తీరకపాయె. వాడు పొయ్యేనాటికి ఇంక పన్నెండుండె. వానికి చప్పిడి కూర సయించది. ఉప్పెయ్యచ్చునా?"

"వెయ్యి," అన్నాను.

అంతే అన్నాను. కాకి గంటన్నరకు ముట్టింది.

ఆ తర్వాత ఆమె నాలుగేళ్ళు బతికింది. సెలవుల్లోనూ, పదవీ విరమణ తర్వాతా చూస్తూనే ఉన్నాను. నన్ను దొరా అనే పిలిచింది. చెప్పలేదు.

మార్చిలో సెలవు ముగించుకుని పోస్టుకు తిరిగి వెళ్ళాను. పదకొండు గంటల నడక. మబ్బు లేదు. రేడియో బంకర్లో కొత్త ఆపరేటర్ ఉన్నాడు, ఒరిస్సా మనిషి. తంతి చూసి ఉన్న సుబేదార్ సాబ్ చెయ్యి కలిపి, "దిగబెట్టి వచ్చావా?" అన్నాడు. దిగబెట్టానన్నాను. ఆగస్టులో మమ్మల్ని దించేశారు. తొంభైలో పదవీ విరమణ చేశాను.

సరిహద్దు, కొండ, హెలికాప్టర్ రెక్కల చప్పుడు, ఇవన్నీ పలచబడ్డాయి. ఒకటి పలచబడలేదు. పొయ్యి మీద ఉడుకుతున్న కుండ. దాని మీద గంగమ్మ చెయ్యి. మూడు వేళ్ళ మధ్య ఉప్పు. ఆవిరికి వేళ్ళు కాలుతున్నాయి. చెయ్యి తియ్యదు, ఉప్పు వదలదు. నా మొహంలోకి చూస్తూ ఉంటుంది.

గడిని తొంభై నాలుగులో అమ్మేశాం. తలుపులు, దూలాలు విడిగా పోయాయి, స్థలం విడిగా పోయింది.